ఏ లంకండీ మీది?

మా ఆఫీసుకి అతను మొదటిసారి వచ్చింది సాయం అడగడానికి కాదు, గోడలకి రంగు వేయడానికి.

పటమటలో ఒక మేడ మీద మూడు గదుల ఆఫీసు మాది. తుఫాను వస్తే దుప్పట్లు, వరద వస్తే పులిహోర పొట్లాలు, ఏ ఉపద్రవమూ రాని ఏడాది అవగాహన సదస్సులు పంచుతాం. నా హోదా సమన్వయ అధికారి. అంటే ప్రభుత్వం వాళ్ళన్నది మా వాళ్ళకి, మా వాళ్ళన్నది ప్రభుత్వం వాళ్ళకి మోసుకెళ్ళి, చివరికి ఇద్దరూ ఒకే మాట అన్నారని మినిట్స్ పుస్తకంలో రాయడం. పద్దెనిమిదేళ్ళుగా ఆ పని చేస్తున్నాను. ఇద్దరూ ఒకే మాట అన్న రోజు నాకింకా తటస్థపడలేదు.

అంతకు ముందు ఏడాది విదేశంలోని ఒక దాతల సంఘం మాకో కొత్త పథకం ఇచ్చింది. చెదిరిపోయిన శరణార్థుల కుటుంబాలను మళ్ళీ కలపాలట. కృష్ణా డెల్టాలో అలాంటివాళ్ళు గణనీయంగా ఉన్నారని మా డైరెక్టరుగారు దరఖాస్తులో రాసేశారు. ఉన్నారో లేదో తర్వాత చూసుకోవచ్చని ఆయన ధీమా. పథకం వచ్చింది, బ్యానరు వచ్చింది, నాకు గుండ్రంగా తిరిగే ఆఫీసు కుర్చీ వచ్చింది. శరణార్థి మాత్రం రాలేదు. పది నెలలు గడిచాయి. దాతలు స్వయంగా వచ్చి చూస్తామని ఉత్తరం రాస్తే, డైరెక్టరుగారు ఒక రోజంతా ఆలోచించి గోడలకి రంగు వేయించమన్నారు.

అలా వచ్చాడు అతను. యాభై దాటిన మనిషి. సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. తెలుగు మనలాగే మాట్లాడేవాడు కానీ 'ళ' దగ్గర మాత్రం నాలుక ఎక్కడికో వెళ్ళొచ్చేది. మా నాన్న రైల్వే ఉద్యోగం వల్ల చిన్నప్పుడు మూడేళ్ళు అరక్కోణంలో పెరిగాను కాబట్టి అది తమిళమని పోల్చుకున్నాను. మేస్త్రీ అతన్ని 'చెన్నై' అని పిలిచేవాడు. అతను ఏనాడూ దిద్దలేదు.

రెండో రోజు మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి, గోడ మీది బ్యానరు ముందు చాలాసేపు నిలబడ్డాడు. దాన్ని విప్పి పక్కన పెట్టమంటాడేమో అనుకున్నాను. అతను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నాడని ఆలస్యంగా అర్థమైంది.

“మేడం, దీని మీద రాసిన పని మీరు నిజంగానే చేస్తారా?” అన్నాడు.

“చేస్తామండి” అన్నాను, అలవాటు కొద్దీ.

“ఇప్పటిదాకా ఎవరికి చేశారు?”

పద్దెనిమిదేళ్ళలో ఏ ఆడిటరూ నన్ను ఇంత సూటి ప్రశ్న వేయలేదు. నేను ఫైలు సర్దుకున్నాను. అతను చేతులకంటిన రంగు గుడ్డతో తుడుచుకుని, గడప దాకా వెనక్కి జరిగి, తనది శ్రీలంక అని చెప్పాడు. మేస్త్రీకి కూడా తెలియదట.

అతని కథ పెద్దదేమీ కాదు. యుద్ధం ముదిరిన రోజుల్లో పదిహేడేళ్ళ వయసులో అన్నతో కలిసి పడవెక్కి తమిళనాడు ఒడ్డుకి చేరాడు. శిబిరంలో పెట్టారు. అక్కడే పెరిగాడు, రంగుల పని నేర్చుకున్నాడు, అక్కడే ఒకమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. కూతురు పుట్టింది. యుద్ధం ముగిశాక లంకలో ఉన్న అత్తగారికి పక్షవాతం వస్తే, భార్య నాలుగేళ్ళ పిల్లని తీసుకుని, సర్కారు అనుమతితో, ఒక సేవాసంస్థ వేసిన విమానంలో తిరిగి వెళ్ళింది. ఇతను ఆరు నెలల్లో వెనకే వెళ్ళాలి. ఈలోగా విజయవాడలో పెద్ద అపార్టుమెంట్ల పని ఉందంటే వచ్చాడు. శిబిరంలో నెలనెలా హాజరు తీసుకుంటారు. మూడు హాజర్లకి లేకపోయేసరికి పేరు కొట్టేశారు. ఆ సంగతి ఇతనికి ఏడాదికి గానీ తెలియలేదు. పేరు లేనివాడు ఏ ఆఫీసుకి వెళ్ళి ఏమని అడుగుతాడు? అడిగితే పట్టుకుని లోపల వేస్తారని భయం. ఉయ్యూరు దాటాక ఒక ఊళ్ళో, గేదెలు మేపుకునే ఒక ముసలావిడ పెరట్లో గది తీసుకుని, రోజూ బస్సులో బెజవాడ వచ్చి గోడలకి రంగులేస్తూ ఉండిపోయాడు. ఆరు నెలలు పదిహేనేళ్ళయ్యాయి. ఆదివారం సాయంత్రం కూతురు ఫోన్ చేస్తుంది. అదీ సంసారం.

“పాపకి పెళ్ళి కుదిరింది మేడం. ఆవణి మాసంలో. నేను అక్కడ ఉండాల” అన్నాడు.

అప్పటికి మార్చి నెలాఖరు. పెళ్ళి ఆగస్టు చివర్లో. ఐదు నెలలుంది కదా, చాలా టైముందని నేనే ధైర్యం చెప్పాను. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

డైరెక్టరుగారికి చెబితే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పోగొట్టుకున్న గొలుసు దొరికినంత సంతోషం ఆయన మొహంలో. అతని కష్టం మొత్తం విని, “మంచి కేసు” అన్నారు. తర్వాత, దాతలొచ్చే రోజున అతన్ని శుభ్రమైన చొక్కాతో రమ్మనమన్నారు. ఆ దాతలు రానే లేదు. జూమ్‌లో మా గోడలు చూసి చాలా బాగున్నాయన్నారు.

ఏప్రిల్లో మొదటి సమన్వయ సమావేశం జరిగింది. రెవెన్యూ నుంచి ఒకరు, పోలీసు నుంచి ఒకరు, మా సంస్థ, శరణార్థుల పని చేసే చెన్నై సంస్థ తరఫున ఫోన్లో ఒకమ్మాయి. సమోసాలు వచ్చేదాకా అందరూ చాలా మానవత్వంతో మాట్లాడారు. అక్కడ తేలిందేమిటంటే, ఈ దేశంలోంచి వెళ్ళిపోవాలంటే చెన్నైలోని సర్కారు ఆఫీసువాళ్ళు అనుమతి కాగితం ఇవ్వాలి. ఆ కాగితం ఇవ్వాలంటే అతను శరణార్థి అని శిబిరం చెప్పాలి. శిబిరంలో పేరు లేదు. పేరు మళ్ళీ ఎక్కించాలంటే ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడో ఇక్కడి రెవెన్యూ వాళ్ళు విచారించి రాయాలి. అంటే బయటికి పంపాలంటే ముందు లోపలికి తీసుకోవాలి. పదిహేనేళ్ళపాటు అతను ఈ దేశంలో ఉన్నాడని ఎవరికీ పట్టలేదు. వెళ్తానన్న రోజున మాత్రం అందరికీ ఒక్కసారిగా అతని మీద శ్రద్ధ పుట్టింది.

పోలీసు శాఖ నుంచి వచ్చినాయన మంచివాడే. నిజంగా అర్థం కాక అడిగాడు.

“ఇన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేకుండా ఉన్నాడు కదండీ. ఇప్పుడెళ్ళడం ఎందుకు?”

కూతురి పెళ్ళండీ అన్నాను. పెళ్ళంటే రెండు రోజుల పని కదా, చూసుకుని వచ్చేయొచ్చుగా అన్నాడాయన. మినిట్స్‌లో ఆ సంగతి రాయలేదు. 'అన్ని శాఖలూ సానుకూలంగా స్పందించినవి' అని రాశాను.

అసలు చిక్కు విచారణ దగ్గర మొదలైంది. జిల్లాలు విడిపోయాక బెజవాడ ఒక జిల్లాలోకి, అతనుండే ఊరు ఇంకో జిల్లాలోకి వెళ్ళాయి. పనిచేసేది ఇక్కడ కాబట్టి మీరే రాయాలని వాళ్ళు, నిద్రపోయేది అక్కడ కాబట్టి మీరే రాయాలని వీళ్ళు. మూడు వారాలు ఆ ముచ్చట నడిచాక, మనిషి పనిచేసే చోట కంటే నిద్రపోయే చోటే నివాసం అని ఒక పెద్ద అధికారి తేల్చారు. నేను ఆ మండలాఫీసుకి వెళ్ళాను. అక్కడ సీనియర్ అసిస్టెంటు ఒకావిడ. రిటైర్మెంటుకి ఏడాది ఉంది. నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఎంతో ఓపిగ్గా తన బాధ చెప్పుకుంది.

“చూడండి మేడం. ఉన్నాడని రాస్తే ఇన్నాళ్ళూ మీరేం చేస్తున్నారని మమ్మల్నడుగుతారు. లేడని రాస్తే లేనివాడు ఎట్లా వెళ్తున్నాడని మిమ్మల్నడుగుతారు. ఏం రాయమంటారో మీరే చెప్పండి.”

ఉన్నది రాయమన్నాను. నేను పరిహాసమాడుతున్నానని ఆవిడ నవ్వింది.

చివరికి గ్రామ రెవెన్యూ అధికారిని విచారణకి పంపారు. ఆయన వెళ్ళిన రోజు మనవాడు వన్ టౌన్‌లో ఒక గోడౌనుకి సున్నం కొడుతున్నాడు. ఇంట్లో ముసలావిడ ఉంది. మీ పెరట్లో ఉండే అతనిది ఏ ఊరని అడిగితే, “లంకండీ. బంగారం లాంటి మనిషి” అని చెప్పింది. కృష్ణ పాయల మధ్య ఇసకమేటల మీద ఎన్ని ఊళ్ళున్నాయో, ఆ ఊళ్ళన్నిటి పేర్ల చివరా 'లంక' అని ఎందుకుంటుందో డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పాల్సిన పనిలేదు. ఏ లంకండీ అని మళ్ళీ అడగడానికి ఆయన నోరు తెరిచాడట గానీ, అంతలో గేదె తాడు తెంపుకుందని ఆవిడ పరిగెత్తింది. ఆయన రాసుకున్నది రాసుకుని వెళ్ళిపోయాడు.

నివేదిక నా చేతికి వచ్చేసరికి జూన్ వచ్చింది. 'సదరు వ్యక్తి స్వస్థలము ఈ జిల్లాలోని లంక గ్రామమనియు, స్వభావము మంచిదనియు, సదరు వ్యక్తి తన స్వగ్రామమునకు తిరిగి వెళ్ళుటకు ఎట్టి అభ్యంతరము లేదనియు' అని ఉంది. కింద మూడు సంతకాలు, రెండు సీళ్ళు. దాని నకలు అప్పటికే చెన్నైకి వెళ్ళిపోయింది. ఒక్క కాగితంతో అతను భారతీయుడైపోయాడు. ఎంతోమంది దశాబ్దాల తరబడి మొక్కుకున్నా దొరకనిది, అతను వద్దంటున్నా దొరికింది.

అతనికి చదివి వినిపించాను. మొదట నవ్వాడు. తర్వాత, “అయితే నాకు వెళ్ళే అనుమతి అవసరం లేదా మేడం?” అని అడిగాడు. అవసరం లేదు, బల్లకట్టు ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోవచ్చన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నవ్వు ఆపేసి, పెళ్ళి పత్రిక అచ్చుకిచ్చారని, అందులో తన పేరు వేశారని చెప్పాడు.

జూలై మొదట్లో చెన్నై నుంచి జవాబొచ్చింది. భారత పౌరుడు స్వదేశంలోంచి శాశ్వతంగా వెళ్ళడానికి ఈ ఆఫీసు అనుమతి ఇవ్వదని, పాస్‌పోర్టుకి దరఖాస్తు చేసుకోవచ్చని రాశారు. తర్కం ప్రకారం ఒక్క అక్షరం తప్పులేదు.

మళ్ళీ మండలాఫీసు, మళ్ళీ మజ్జిగ. నివేదిక తప్పని రాయలేమన్నారు. తప్పు అంటే తప్పు నివేదిక ఎందుకిచ్చారని అడుగుతారు కదా. ఒప్పు అంటే మనిషి వెళ్ళలేడు. తప్పు కాకుండా మార్చాలి. ఇక్కడే నా పద్దెనిమిదేళ్ళ సర్వీసు పనికొచ్చింది. ఆవిడ పక్కన కూర్చుని నేనే చిత్తు ప్రతి రాశాను. 'పూర్వపు నివేదికకు కొనసాగింపుగా మరింత లోతుగా విచారించగా, సదరు లంక సముద్రమునకు ఆవల ఉన్నట్లు తెలియవచ్చినది.' ఆవిడ రెండుసార్లు చదివింది. ఎవరికి తెలిసిందో, ఎవరు చెప్పారో, అంతకు ముందు ఎవరికి తెలియదో అందులో ఎక్కడా లేదు. మెచ్చుకోలుగా నా వంక చూసి, “మీరు మా డిపార్టుమెంటులో ఉండాల్సినవాళ్ళండీ” అంది. నా జీవితంలో నాకొచ్చిన ప్రశంసల్లో అదే పెద్దది, దాని గురించి ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

ఇక మిగిలింది సేవాసంస్థల పని. ప్రభుత్వాన్ని అంటాం గానీ, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నది మమ్మల్ని చూసే పుట్టి ఉంటుంది. అతన్ని శిబిరం జాబితాలో మళ్ళీ చేర్చి అనుమతి ఇమ్మని రెండు సంస్థలూ కలిసి ఒక ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం మీద ఏ సంస్థ గుర్తు ఎడమవైపు ఉండాలన్న దగ్గర పది రోజులు ఆగింది. ఎడమవైపుంటే ముందున్నట్టట. కుడివైపుంటే వెనకున్నట్టట. ఆఖరికి రెండు గుర్తులూ మధ్యలో ఒకదాని కింద ఒకటి వేద్దామనుకున్నారు. అప్పుడు పైన ఎవరిదన్న ప్రశ్న వచ్చింది.

ఇంతవరకు చెప్పినదాంట్లో తప్పంతా ఊళ్ళోవాళ్ళది. ఇప్పుడు నాది చెబుతాను.

ఆ ఉత్తరం ఖరారైన రోజు చెన్నై సంస్థ అమ్మాయి నాకో ఈమెయిల్ పెట్టింది. మీ సంతకం చేసి వెంటనే స్కాన్ పంపండి, ఇక్కణ్ణుంచి మేం చూసుకుంటాం అని. దాని నకలు తన పైవాళ్ళందరికీ పంపింది. అందులో నన్ను 'విజయవాడ ఫీల్డ్ స్టాఫ్' అని రాసింది. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. పద్దెనిమిదేళ్ళ సర్వీసున్న సమన్వయ అధికారిని ఫీల్డ్ స్టాఫ్ అంటుందా అని నాకు ఒళ్ళు మండింది. మా డైరెక్టరుగారు అప్పుడు ఊళ్ళో లేరు. ఆయన లేనప్పుడు ఆయన తరఫున సంతకం చేసే అధికారం నాకుంది. సెలవు చీటీల మీద, కొరియరు రసీదుల మీద రోజూ చేస్తూనే ఉంటాను. ఆ ఉత్తరం మీద మాత్రం చేయలేదు. డైరెక్టరుగారు వచ్చాక పంపుతామని, ఫీల్డ్ స్టాఫ్‌కి ఆ అధికారం లేదని జవాబిచ్చాను. ఎంతో బాగా రాశాననుకున్నాను. ఆయన వచ్చేసరికి ఎనిమిది రోజులు పట్టింది.

ఆ ఎనిమిది రోజులూ అతను పొద్దున పనికి వెళ్ళేముందు ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చి కాగితం వెళ్ళిందా అని అడిగేవాడు. ప్రాసెస్‌లో ఉందండి అనేదాన్ని.

పెళ్ళిరోజు వచ్చేసింది. అనుమతి రాలేదు. ముహూర్తం పొద్దున తొమ్మిది దాటాక. పెద్ద తెర మీద చూడొచ్చని అతన్ని మా ఆఫీసుకి రమ్మన్నాను. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట విభూతితో వచ్చాడు. ఆ గోడలకి అతనే వేసిన రంగు మధ్య, సదస్సులకి వాడే తెర ముందు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మా స్టాఫంతా వెనక నిలబడ్డాం. అక్కడ ఎవరో బంధువు ఫోన్ పట్టుకుని చూపిస్తున్నాడు. ముందు పెళ్ళికూతురి తల, తర్వాత అరటిచెట్టు, తర్వాత ఎవరివో కాళ్ళు. తండ్రి స్థానంలో మేనమామ కూర్చున్నాడు. తాళి కట్టే సమయానికి ఫోటోగ్రాఫరు అడ్డం వచ్చాడు. ఆ వీపు మీదే బొమ్మ ఆగిపోయింది. నెట్ మందగించింది. మేళం వినబడుతోంది, బొమ్మ కదలడం లేదు. అతను కుర్చీలో కొంచెం ముందుకి వంగి, అక్షతలు పట్టుకున్న చేయి పైకెత్తి, ఎటు వేయాలో తెలియక అలాగే ఉంచాడు. సరిగ్గా అప్పుడు డైరెక్టరుగారు నా చెవిలో, ఇది వార్షిక నివేదికకి చాలా మంచి ఫోటో, తీయించమన్నారు. నేను తీయించలేదు. ఆయనే తన ఫోన్లో తీసుకున్నారు.

నెట్ పుంజుకునేసరికి భోజనాల బంతి చూపిస్తున్నారు. అతను అక్షతలు జేబులో వేసుకుని, లేచి, అందరికీ దణ్ణం పెట్టి, పని ఉందని వెళ్ళిపోయాడు.

ఆరు రోజుల తర్వాత అనుమతి వచ్చింది. పైన ఎర్రసిరాతో 'అత్యవసరం' అని ముద్ర.

ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎంతో లెక్క వేయడానికి నాకు పెద్ద చదువక్కర్లేదు. అందరి ఫైళ్ళూ చూశాను. మజ్జిగ ఇచ్చినావిడ దగ్గర నాలుగు వారాలు, గేదె తాడు పుణ్యమా అని ఆరు వారాలు, గుర్తుల దగ్గర పది రోజులు. వాళ్ళందర్నీ తిట్టుకోవడానికి నాకు కారణాలున్నాయి. అయినా ఆ చివరి ఎనిమిది రోజులే నిద్ర పట్టనివ్వలేదు. కాగితం ఇస్తానని అతన్ని పిలిచి, ఆఫీసు కింద టీకొట్టు దగ్గర కూర్చోబెట్టి, ఈమెయిల్ సంగతి మొత్తం చెప్పేశాను. చెబితే నా మనసు తేలికవుతుందనుకున్నాను.

అతను గ్లాసు కింద పెట్టాడు. చాలాసేపు బందరు రోడ్డు మీది బస్సులు చూశాడు.

“ఇది నాకు చెప్పకుండా ఉండాల్సింది మేడం” అన్నాడు. “ఇన్ని రోజులూ ఆఫీసుల మీద కోపంగా ఉన్నా. ఆఫీసు మీద కోపమైతే ఎవరికీ తగలదు. ఇప్పుడు మీరు ఎదురుగా కూర్చున్నారు.”

నేను కాగితం తీసి బల్ల మీద పెట్టాను. అతను టీ చల్లారాక తాగి, కాగితం మడిచి చొక్కా లోపల పెట్టుకుని, ఎప్పుడు బయల్దేరాలని అడిగాడు.

చెన్నై సంస్థవాళ్ళు మూడో రోజుకే విమానం టిక్కెట్టు తీశారు. ఇక్కడ డైరెక్టరుగారు తొందరేముందన్నారు. పెళ్ళి ఎలాగూ అయిపోయింది, వచ్చే వారం ఒక పెద్ద అధికారి ఖాళీగా ఉన్నారు, ఆయన చేతుల మీదుగా వీడ్కోలు సన్మానం చేసి పంపుదాం, టిక్కెట్టు మార్పించు అన్నారు. 'కుటుంబ పునరేకీకరణ మహోత్సవం' అని ఫ్లెక్సీ కూడా కొట్టించేశారు. అందులో అధికారి బొమ్మ నిలువెత్తున, డైరెక్టరుగారిది అందులో సగం, అతనిది మూల ఓటరు కార్డంత ఉన్నాయి. సరేనండి, మార్పిస్తాను అన్నాను. నా సర్వీసులో పై అధికారికి నేను చెప్పిన మొదటి శుద్ధ అబద్ధం అదే. మిగతావన్నీ సమన్వయం కింద వస్తాయి.

మర్నాడు పొద్దున విజయవాడ స్టేషన్లో అతన్ని చెన్నై రైలెక్కించాను. రెండు సంచులు, ముసలావిడ కట్టిచ్చిన బెల్లం అచ్చుల మూట. ఆవిడ కూడా స్టేషనుకి వచ్చింది. పదిహేనేళ్ళు పెరట్లో ఉన్నవాడు దేశం దాటి వెళ్తున్నాడని అప్పటికి నమ్మకం కుదిరింది కాబోలు, లంకంటే ఇంత దూరమా నాయనా, ముందే చెప్పొచ్చు కదా అని గొణిగింది. అతను ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు. నాకు పెట్టలేదు. రైలు కదిలేముందు మాత్రం కిటికీలోంచి, చేరగానే ఫోన్ చేస్తానని అన్నాడు. నాకు అంతకంటే ఎక్కువ రావాల్సింది ఏమీ లేదు.

సన్మానం ఆగలేదు. ఫ్లెక్సీ ఉంది, శాలువా ఉంది, అధికారి ఉన్నారు. మనిషి ఒక్కడు లేకపోతే సభ ఆగుతుందా? అధికారిగారు కుటుంబం గొప్పతనం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. పునరేకీకరణ అన్న మాట నోరు తిరగక, 'ఈ బృహత్తర కార్యక్రమం' అంటూ ప్రతిసారీ దాటేశారు. శాలువా ఎవరికి కప్పాలో తెలియక కాసేపు అటూ ఇటూ చూసి, డైరెక్టరుగారికే కప్పారు. ఆయన ఎంతో వినయంగా తల వంచారు. ఆ సాయంత్రం నాకు మెమో వచ్చింది. ఆ మెమోలో నన్ను సమన్వయ అధికారి అనే సంబోధించారు.

అతను మాటిచ్చినట్టే ఫోన్ చేశాడు, చేరాక నాలుగో రోజున. అక్కడి విమానాశ్రయంలో రెండు గంటలు ప్రశ్నలు వేశారట. ఇన్నేళ్ళూ ఎక్కడున్నావు, ఎందుకు రాలేదు అని. భార్య బస్టాండుకి వచ్చింది. ఇద్దరూ ఒకర్నొకరు దాటుకుని వెళ్ళిపోయి, వెనక్కి తిరిగి చూసుకున్నారట. మర్నాడు కూతురు, అల్లుడు వచ్చారు. అప్పా అని పిలిచి, పక్కన కూర్చుని, పిల్ల ఇంకేం మాట్లాడాలో తెలియక గోళ్ళు చూసుకుంటూ కూర్చుందట. అన్నం తిని వెళ్ళిపోయారు. ఆ ఆదివారం సాయంత్రం ఎప్పటి టైముకే అత్తగారింటి నుంచి ఫోన్ చేసి గంట మాట్లాడింది.

“ఎదురుగా ఉంటే రాదు మేడం. ఫోన్లో బాగా వస్తుంది” అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు.

మా వార్షిక నివేదికలో అక్షతలు పట్టుకున్న ఫోటో వచ్చింది. కింద 'కూతురి వివాహాన్ని ఆనందంగా తిలకిస్తున్న లబ్ధిదారుడు' అని రాశారు. దాతలు చాలా సంతోషించి, వచ్చే ఏడాది పది కుటుంబాలు లక్ష్యంగా పెట్టుకోమన్నారు. డైరెక్టరుగారు మండలాల వారీగా శరణార్థుల కోసం వెతకమన్నారు. నేను వెతుకుతున్నాను. ఉత్తరాలు వచ్చిన రోజే సంతకం చేసి పంపుతున్నాను. ఇది మంచితనం కింద వేసుకోవద్దు, భయం కింద వేసుకోండి.

మొన్నామధ్య అతని భార్య స్వయంగా ఫోన్ చేసింది. నా అరక్కోణం తమిళం ఆవిడ లంక తమిళం ముందు నిలబడలేదు. ఒక్కో మాట రెండేసి సార్లు చెప్పుకున్నాం. కృతజ్ఞతలు చెబుతుందేమోనని నేను లోలోపల సిద్ధమవుతున్నాను. ఆవిడ వాటి జోలికే పోలేదు. పదిహేనేళ్ళు తనొక్కతే చూసుకున్న ఇంట్లో ఇప్పుడు ఎక్కడ పెట్టిన వస్తువు అక్కడ ఉండడం లేదని, పొద్దున నాలుగింటికే లేచి తిరుగుతాడని, తన దిండు వైపు పడుకుంటాడని వరసగా చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, అసలు అడగాలనుకున్నది అడిగింది. ఇన్నేళ్ళూ అక్కడ ఇతనికి వండిపెట్టింది ఎవరు?

ఎవరూ లేరమ్మా, తనే వండుకునేవాడని చెప్పాను. మా ఆఫీసుకి తెచ్చుకున్న క్యారేజీలో చేపల పులుసు నేనే రుచి చూశానని, మా ఇంట్లో కూడా అంత బాగా కుదరదని అన్నాను.

 ఆవిడ ఫోన్ పక్కకి తిప్పి, ఇంట్లో ఉన్న అతన్ని గట్టిగా పిలిచింది. తనకి వంటే రాదని ఆవిడతో చెప్పాడట.